మావారి పేగుల్లో బాక్టీరియాకి టీ కావాలట

రాత్రి భోజనాలయ్యాయి. గట్టు తుడిచేసి, టీ గిన్నె కూడా బోర్లించేశాక మావారు ఫోను పట్టుకుని వంటింటి గుమ్మంలో ప్రత్యక్షం. "ఏమోయ్, టీ తాగితే పేగుల్లో మంచి బాక్టీరియా పెరుగుతుందట, ఒళ్లు కూడా తగ్గుతుందట. కాస్త పెట్టకూడదూ!"

ఆయన షుగర్ సరిహద్దు గోడమీద కూర్చుని ఎటు దూకుదామా అని చూస్తోంది. ఆయన గ్లాసులో పంచదారేమో దండిగా పడాలి. పైగా అన్నం తిని ఇంకా చెయ్యి తడి ఆరలేదు. తనకి కావాలని నేరుగా అడిగితే పెట్టేదాన్నేమో, బాక్టీరియా పేరు చెప్పి నా చేత పొయ్యి వెలిగించాలని చూడటమే ఒళ్లు మండించింది. పెట్టలేదు. హాల్లో టీవీ సౌండు కావాలనే పెంచారు. మరిదిగారు పంపారట ఆ ఫార్వర్డు. ఆయనకేం, పంపించి హాయిగా పడుకుంటాడు.

ఉత్త సొల్లని తేల్చేద్దామనే నేనూ చదివాను. తీరా చూస్తే మరీ సొల్లేం కాదు. లాస్ ఏంజెలెస్‌లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో అచ్చేసిన పరిశోధన. ఎలుకలకి కొవ్వూ పంచదారా దండిగా ఉన్న తిండి పెట్టి, కొన్నిటికి అందులో గ్రీన్ టీ సారం, కొన్నిటికి బ్లాక్ టీ, అంటే మన మామూలు టీపొడి రకం, దాని సారం కలిపారు. రెండు రకాలవీ బరువు తగ్గాయి, ఊబకాయంతో ముడిపడ్డ బాక్టీరియా కూడా తగ్గింది. నాకు నచ్చిన ముక్క ఇంకోటుంది. గ్రీన్ టీలో ఉండే కాటెకిన్లనే పదార్థాల అణువులు చిన్నవి కాబట్టి కొంత రక్తంలోకి చేరతాయి. మన మామూలు టీపొడి చేసేటప్పుడు ఆకు నలిగి, గాలి తగిలి, అవి చాలావరకు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవైపోతాయి. చిన్నపేగు వాటిని పెద్దగా పీల్చుకోలేదు. దిగువకి పోయి పెద్దపేగులో బాక్టీరియాకి మేతవుతాయి.

అంటే మా చిన్నది బెంగళూరు నుంచి గ్రీన్ టీ డబ్బాలు పంపిస్తూ "అమ్మా, మీరు తాగేది టీయే కాదు" అని చేసే ఉపన్యాసం సగం దండగన్నమాట. రేపు ఫోన్ చేసి చెప్పాలి.

అలాగని ఆయన గెలిచినట్టూ కాదు. ఆ ఎలుకలకి ఎవరూ అల్లం దంచి, గేదెపాలు పోసి, పంచదార వేసి మరిగించి ఇవ్వలేదు. 2007లో బెర్లిన్‌లో 16 మంది ఆడవాళ్ల మీద చూస్తే, ఉత్త బ్లాక్ టీకి రక్తనాళాలు బాగా వ్యాకోచించాయట, అదే టీలో పాలు కలిపితే ఆ గుణం కనపడలేదట. బాక్టీరియాకి ఆకు, రక్తానికి పంచదార. మావారికి రెండోదే ముందు అందుతుంది.

ఇదంతా చదువుతుంటే అమ్మ గుర్తొచ్చింది. పొద్దున్న అందరికీ ఇడ్లీలు పెట్టి, తనకి మిగలకపోతే గ్లాసుడు టీ తాగి "ఆకలి లేదే" అనేది. మధ్యాహ్నం తోటకూర పప్పుతో అన్నం తిని, వెంటనే మళ్లీ టీ. మెట్లెక్కితే ఆయాసం. ఒకసారి డాక్టరుగారు కింది రెప్పని వేలితో లాగి, లోపల సున్నంలా పాలిపోయి ఉంటే నాన్నని పిలిచి చూపించారు. నాన్న ఏమీ అనలేదు. ఐరన్ మాత్రలు రాశారు. వాటిని అమ్మ రోజూ టీతోనే మింగేది! టీలో టానిన్లనే వగరు పదార్థాలు ఇనుముని పట్టేసుకుంటాయని, ఒంటికి సరిగ్గా పట్టనివ్వవని ఆ ఇంట్లో ఎవరికి తెలుసు? తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ, కాఫీలొద్దని రాసింది. అమ్మ తిన్న తోటకూరలో ఇనుము చాలావరకు వృథాయే.

ఇందాకటిదాకా ఈ ఇంట్లో టీ మాన్పించేయాలనే ఉన్నాను. ఇప్పుడు ఆ పట్టుదల లేదు. నాలుగింటికి పాలూ పంచదారా లేని డికాషన్ పెట్టి ఇస్తాను, ఆయన బాక్టీరియాని ఆయన మేపుకోవచ్చు. రాత్రి అన్నం మీద మాత్రం అడిగితే ఊరుకోను.

అత్తయ్యగారి జోలికి వెళ్లను. ఎనభై దాటిన మనిషి, పొద్దున్నే మీగడ తేలే టీ పడకపోతే ఆ పూట ఇల్లు ఇల్లులా ఉండదు. ఆవిడ షుగర్ నిక్షేపంలా ఉంది, అదేం లెక్కో!