పొగ లేని నిప్పు

ఈరోజు మహర్నవమి. మా టైలరింగ్ షాపులో మిషన్లకు సెలవు. రాత్రే వాటిని తుడిచి నూనె పోశాను. కత్తెర, టేపు, ఇస్త్రీపెట్టె అన్నింటికీ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాను. నాన్న నాతో ఈ పూజ చేయించిన రోజుల్లో నాకు ఇరవై ఏళ్లు. కాజాలు కుట్టి కుట్టి వేళ్ల నిండా సూది పోట్లు. ఈ కత్తెరకు దండం పెట్టడం కాదు, ఇది నన్ను వదిలితే చాలు అనుకునేవాణ్ణి.

ఇప్పుడు యాభై ఎనిమిది. పూజలో గీత 18వ అధ్యాయం, 48వ శ్లోకం చదువుకుంటాను.

సహజం కర్మ కౌంతేయ సదోషమపి న త్యజేత్ ।
సర్వారంభా హి దోషేణ ధూమేనాగ్నిరివావృతాః ॥

సహజమైన పనిలో దోషం ఉన్నా దాన్ని వదలకూడదు, నిప్పును పొగ కమ్మినట్టు ప్రతి పనినీ ఏదో ఒక దోషం కమ్మే ఉంటుంది అంటున్నాడు స్వామి. నీ పని గొప్పది అని పొగడలేదు. లోపం ఉందని ఒప్పుకున్నాడు. నాకు ఓదార్పు అక్కడే దొరికింది. ఇరవై ఏళ్లప్పుడు నేను వెతికింది పొగ లేని నిప్పు. పక్కింటివాళ్ల ఉద్యోగంలో పొగ కనిపించేది కాదు, దూరం నుంచి చూసేవాణ్ణి కాబట్టి.

అమ్మ పచ్చికట్టెలతో పొయ్యి రాజేసేది. ఊదుగొట్టంతో ఊదుతుంటే కళ్ల వెంట నీళ్లు కారేవి. అయినా పొయ్యి ఆర్పేది కాదు. మంట అందుకున్నాక పొగ పలచబడేది, పూర్తిగా మాత్రం పోయేది కాదు. పండగల ముందు టెన్షన్, చెప్పిన రోజుకు బట్టలు ఇవ్వలేక మాట పడటం నాకు ఇప్పటికీ ఉన్నాయి. ఒకప్పుడు కత్తెర విసిరికొట్టేవాణ్ణి. ఇప్పుడు కుట్టు విప్పి మళ్లీ వేస్తాను.

'సహజం' అంటే పుట్టుకతో వచ్చినది. ఆ మాట చూపించి పిల్లల్ని తాతల వృత్తికి కట్టేయడం నాకు ఇష్టం లేదు. మా అబ్బాయి కరెంటు పని నేర్చుకుంటానంటే మనసారా పంపాను. వాడి టెస్టర్, స్క్రూడ్రైవర్ కూడా ఈరోజు మా పీట మీదే ఉన్నాయి, బొట్లు పెట్టుకుని.

అర్జునుడు రెండో అధ్యాయంలో, ఈ యుద్ధం కంటే బిచ్చమెత్తుకుని తినడం మేలన్నాడు. చివరికి 'కరిష్యే వచనం తవ', నువ్వు చెప్పినట్టే చేస్తాను అన్నాడు. ఈలోగా కురుక్షేత్రం మారలేదు, గాండీవం మారలేదు, ఎదుట నిలబడ్డవాళ్లూ మారలేదు. సాక్షాత్తూ కృష్ణుడే ఎదురుగా ఉండి చెప్పాడు కాబట్టి అతనికి అప్పటికప్పుడే తెలిసింది. నాకు ముప్పై ఎనిమిదేళ్లు పట్టింది.

పీట మీద మధ్యలో ఉన్నది నాన్న కత్తెర. రేపు దశమి పొద్దున దండం పెట్టుకుని, తొలి గుడ్డ దానితోనే కత్తిరిస్తాను.