డ్రేక్ దాటాక ప్రోగ్రామ్ మన చేతిలో ఉండదు

అంటార్కిటికా వెళ్ళడానికి అర్జెంటీనా దక్షిణ కొసన ఉన్న ఉషువాయాలో ఓడ ఎక్కగానే ఏ రోజు ఎక్కడ దిగుతామో వరసగా రాసిన కాగితం ఒకటి చేతికిచ్చారు. నేనేమో దాన్ని రైలు టైమ్‌టేబుల్‌లా నమ్మేసి, ఎక్కడ ఏ ఫోటో తీయాలో కూడా రాసిపెట్టుకున్నాను. పది రోజుల్లో ఆ కాగితం ప్రకారం జరిగినవి మహా అయితే రెండు.

ఉషువాయా ముందున్న బీగిల్ ఛానల్ అనే జలసంధి వరకు హాయిగానే సాగింది. తర్వాత దక్షిణ అమెరికాకీ అంటార్కిటికాకీ మధ్య ఉన్న సముద్రం, డ్రేక్ పాసేజ్, దాదాపు రెండు రోజులు. సముద్రం నిమ్మళంగా ఉంటే డ్రేక్ లేక్, లేకపోతే డ్రేక్ షేక్ అంటారు, మాకు రెండోదే రాసిపెట్టి ఉంది. నడవాలో కమ్మీలకి వాంతి సంచులు దోపుతుంటే చూసి మా ఆయన "ఊరికే భయపెడతారు" అన్నారు, తెల్లారేసరికి మూడు వాడేశారు. డాక్టర్‌ని అడిగి మాత్ర ముందే వేసుకోవాలండీ, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే దండగ.

దిగేముందు ఇంకో తతంగం. బయటి గింజలు, మట్టి అంటార్కిటికాకి చేరకూడదని బట్టలు, బ్యాగులు వాక్యూమ్ పెట్టి, జేబుల మూలలు కూడా వెతుకుతారు. నా బ్యాగు వెల్క్రోలో ఒక గడ్డి గింజ ఇరుక్కుని ఉంటే తనిఖీ చేస్తున్న అమ్మాయి పట్టకారుతో లాగి నాకు చూపించింది. సంక్రాంతికి భీమవరం వెళ్ళినప్పుడు పొలంగట్టు మీద పట్టుకున్నదే అయ్యుంటుంది, పాపం అంత దూరం వచ్చి అక్కడ ఆగిపోయింది!

ఒడ్డు మీద ఒకేసారి వంద మందికి మించి ఉండకూడదు, కాబట్టి సగం మంది దిగితే మిగతా సగం రబ్బరు పడవల్లో తిరుగుతూ ఉంటారు. ఒడ్డున బాత్రూమ్ లేదు, తిండి తీసుకెళ్ళకూడదు, కింద కూర్చోకూడదు. బూట్లు వాళ్ళే ఇచ్చారు, వాటర్‌ప్రూఫ్ ప్యాంటు మాత్రం మనదే. చలి అనుకున్నంత లేదు, డిసెంబర్ అక్కడ ఎండాకాలం, సున్నాకి అటూ ఇటూ. గాలి వేస్తేనే ప్రాణం పోతుంది.

అక్కడ పోర్ట్ లాక్‌రాయ్ అనే చోట బ్రిటిష్ వాళ్ళు నడిపే పోస్టాఫీసు ఉంది. అక్కణ్ణుంచి మా అమ్మాయికి కార్డు వేద్దామని అడ్రస్ కూడా రాసుకున్నాను, తీరా ఆ రోజు మంచు అడ్డం పడి ఓడ వెనక్కి తిరిగింది. ఏడుపొచ్చినంత పనైంది. బదులుగా నెకో హార్బర్ అనే ఇంకో చోటికి తీసుకెళ్ళారు.

ముందు వాసన వచ్చింది. రొయ్యల షెడ్ల పక్కన పెరిగినదాన్ని, నాకే ముక్కు మూసుకోవాలనిపించింది. పెంగ్విన్లు క్రిల్ అనే చిట్టి రొయ్యల్లాంటి వాటిని తిని తిని, మంచు మీదంతా గులాబీ రంగు రెట్టలు. ఒక జెంటూ పెంగ్విన్ పక్క గూట్లోంచి గులకరాయి ఎత్తుకొచ్చి తన గూట్లో పెట్టుకుని, ఇంకో రాయికి వెళ్ళేలోపు దీని గూట్లోంచి మరో పెంగ్విన్ ఒకటి ఎత్తుకుపోయింది. అరగంట అదే చూశాను, ఫోటోల లిస్టు జేబులోంచి తియ్యనే లేదు.

పెంగ్విన్లకి మనం ఐదు మీటర్ల దూరంలో ఉండాలి, దారి వాటిదే. తిరిగొచ్చేటప్పుడు ఒకటి సరిగ్గా మా దారి మధ్యలో నిలబడింది. గైడ్ చెయ్యెత్తి ఆగమన్నాడు. కింద ఆఖరి పడవ ఎదురుచూస్తోంది, మా ఆయన గడియారం చూసుకుంటున్నారు. అదేమో మెడ వెనక్కి తిప్పి నింపాదిగా ఈకలు సర్దుకోవడం మొదలుపెట్టింది.