బ్రిటన్‌లో ఇంటి నుంచి పని: యూనియన్ సేఫ్టీ రెప్‌గా నా అనుభవం

బ్రిటన్‌లో మా ఆఫీసు యూనియన్ తరఫున నేను సేఫ్టీ రెప్‌ని, అంటే ఉద్యోగుల ఆరోగ్యం, భద్రత సంగతులు చూసే ప్రతినిధిని. ఇంటి నుంచి పనిచేసేవాళ్ల వర్క్‌స్టేషన్‌కి (బల్ల, కుర్చీ, స్క్రీన్ వాళ్లకు సరిపోతున్నాయో లేదో చూసే) అసెస్‌మెంట్ చేయించడంతోనే నా టైమంతా సరిపోతుంది. ఇల్లు మనది కాబట్టి కుర్చీ కూడా మనమే కొనుక్కోవాలని ఇక్కడి మన తెలుగువాళ్లు చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. 1992 నాటి డిస్‌ప్లే స్క్రీన్ నిబంధనలు ఇంటికీ వర్తిస్తాయి. రోజూ గంటా అంతకుమించి ఏకధాటిగా స్క్రీన్ ముందు పనిచేసేవాళ్లకు అసెస్‌మెంట్ చేయాల్సింది యజమానే. అందులో తేలిన అవసరాలకు ఉద్యోగి దగ్గర డబ్బు తీసుకోకూడదని పనిచోట ఆరోగ్యం, భద్రతకు సంబంధించిన 1974 చట్టం తొమ్మిదో సెక్షన్ చెబుతుంది.

కంపెనీ ముందుగా ఓ ఆన్‌లైన్ ఫారం పంపుతుంది. చిక్కంతా దాంతోనే. ‘కుర్చీ సౌకర్యంగా ఉందా?’ అంటే మొహమాటానికి అందరూ అవునని టిక్ పెట్టేస్తారు, అక్కడితో ఫైలు మూసేస్తారు. అందుకని మేం టిక్కులతో పాటు పక్కనుంచి తీసిన ఒక ఫొటో, టేపు పెట్టి చూసిన కొలతలు అడుగుతాం: బల్ల ఎత్తెంత, కూర్చుంటే మోచేయి నేలకు ఎంత ఎత్తులో ఉంది, స్క్రీన్ పైఅంచు కంటికి ఎంత కింద ఉంది.

డైనింగ్ టేబుల్ ఎత్తు దాదాపు 75 సెం.మీ. ఉంటుంది. కాస్త పొట్టివాళ్లకు మోచేయి అంతకంటే కిందే ఉండిపోతుంది. భుజాలు ఎగదీసి టైప్ చేస్తారు, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. కుర్చీ ఎత్తు పెంచితే మోచేయి సరిపోతుంది గానీ పాదాలు నేలకు ఆనవు. కాబట్టి కుర్చీతో పాటు ఫుట్‌రెస్ట్ కూడా అదే అభ్యర్థనలో రాయించాలి. విడిగా అడిగితే మళ్లీ మొదటి నుంచి అప్రూవల్. ల్యాప్‌టాప్‌కి స్టాండు ఒక్కటే ఇస్తే కీబోర్డు కూడా పైకి పోతుంది, అప్పుడు మణికట్లు నొప్పి. స్టాండు, విడి కీబోర్డు, మౌస్ మూడూ కలిపే అడగాలి.

కంటి పరీక్ష అడిగితే ఖర్చు యజమానిదే. పరీక్షకు ముందే మెయిల్ పెట్టాలి, తర్వాత బిల్లు పంపితే పేచీ. కళ్లద్దాలకు మాత్రం, స్క్రీన్ పనికే ప్రత్యేకంగా కావాలని తేలితేనే డబ్బిస్తారు.

వీసా మీద ఉన్నవాళ్లు నొప్పి సంగతి బయటపెట్టడానికి జంకుతారు. యూనియన్ పనికొచ్చేది ఇక్కడే. పేర్లు తీసేసి, ఒకే రకం ఫిర్యాదులన్నీ కలిపి మేం పెడతాం. సేఫ్టీ రెప్‌ల గురించిన 1977 నిబంధనల ప్రకారం, రాతపూర్వకంగా ముందే చెప్పి మూడు నెలలకోసారి పనిచోటు తనిఖీ చేసే హక్కు మాకుంది. ఎవరి ఇంటికైనా వాళ్ల అనుమతి లేకుండా వెళ్లం; వీడియో కాల్‌లో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. యాజమాన్యం నాన్చితే సేఫ్టీ కమిటీ కావాలని ఇద్దరు రెప్‌లు రాతపూర్వకంగా అడగాలి, అప్పుడు యజమాని మూడు నెలల్లోపు అది వేసి తీరాలి.

ఫారంలో అసలు కనపడనివి వేళలు. హైదరాబాద్ టీమ్‌తో అక్కడి ఉదయం 11కి కాల్ అంటే చలికాలంలో ఇక్కడ 5:30. ముందురోజు రాత్రి 8 దాకా పనిచేసినవాళ్లకు మధ్యలో దొరికేది తొమ్మిదిన్నర గంటలే. 1998 పనివేళల నిబంధనల ప్రకారం మామూలుగా 11 గంటల విశ్రాంతి ఉండాలి. చేరేటప్పుడు సంతకం పెట్టించుకునే కాగితంతో మనం వదులుకునేది వారానికి 48 గంటల పని పరిమితినే, ఈ విశ్రాంతిని కాదు. రెండు వారాల క్యాలెండర్ ఇన్వైట్లు ప్రింట్ తీసి ఫిర్యాదుకు జతచేస్తే మేనేజర్లు కాల్ వేళ మార్చడానికి త్వరగా ఒప్పుకుంటారు.

ఇల్లు మారితే పాత అసెస్‌మెంట్ చెల్లదు. కొత్త అడ్రసు హెచ్‌ఆర్‌కి ఇచ్చిన మెయిల్‌లోనే కొత్తది కావాలని ఒక లైను చేర్చండి.