పంచదార నీళ్ళు పనిచెయ్యని శనివారం

మా నాన్నకి శనివారం ఒంటిపూట. ముప్ఫై ఏళ్ళ అలవాటు, షుగర్ వచ్చాక కూడా మానలేదు, డాక్టర్‌కి చెప్పలేదు కూడా. పోయిన వేసవిలో ఒక శనివారం పొద్దున్న మామూలుగానే బిళ్ళ వేసేసుకున్నారు, టిఫిన్ మాత్రం చెయ్యలేదు, పదకొండున్నరకి పేపర్ చదువుతూ చదువుతూ చేతులు వణుకుతున్నాయి అన్నారు, చూస్తే చొక్కా తడిసిపోయింది. గ్లూకోమీటర్‌లో 54, షుగర్ బాగా పడిపోయింది.

మా అమ్మ కంగారుపడలేదు, ఎప్పుడూ చేసేదే చేసింది, గ్లాసు నీళ్ళలో నాలుగు చెంచాల పంచదార కలిపి తాగించింది. పావుగంట తర్వాత 57. మళ్ళీ ఇంకో గ్లాసు. ఇంకో పావుగంటకి 60. ఆయన మాట కొంచెం ముద్దగా వస్తోంది, నాకు అప్పుడు నిజంగా భయం వేసింది, ఆటో పిలుద్దామని లేచేసరికి మా అక్క కొడుకు కోసం తెచ్చిన గ్లూకోజ్ పొడి డబ్బా ఫ్రిజ్ మీద కనపడింది, అది కలిపి ఇచ్చాం. పది పన్నెండు నిమిషాల్లో మనిషి తేరుకున్నారు. మళ్ళీ చూస్తే 92.

రెండూ తియ్యగానే ఉంటాయి కదా, ఒకటి పనిచేసి ఇంకోటి చెయ్యకపోవడం ఏంటి అని సాయంత్రం డాక్టర్‌ని అడిగితే ఆయన మందుల స్ట్రిప్ చేతిలోకి తీసుకుని ఒక పేరు మీద గోరు పెట్టి చూపించారు. వోగ్లిబోస్. "ఈ బిళ్ళలో మూడు మందులున్నాయండీ, షుగర్ దించేది వేరేది, ఇది మాత్రం పంచదారని పేగులో ముక్కలవ్వకుండా ఆపుతుంది, అందుకే దీనిమీద ఉన్నవాళ్ళకి షుగర్ డౌన్ అయితే పంచదార కాదు, గ్లూకోజే ఇవ్వాలి" అన్నారు. ఈ ముక్క ముందే చెప్పుంటే బావుండేది అని నోటిదాకా వచ్చింది, కానీ శనివారం సంగతి మేమూ చెప్పలేదుగా, అందుకని మింగేశాను.

అప్పట్నుంచి నాకు దీని పిచ్చి పట్టింది, దొరికిందల్లా చదువుతున్నాను. నాకు అర్థమైనంతవరకు సంగతి ఇదీ. మనం పంచదార అనేది ఒక్కటి కాదు, గ్లూకోజ్ ఒకటి ఫ్రక్టోజ్ ఒకటి చెయ్యి చెయ్యి పట్టుకున్న జంట. పేగు గోడ ఈ జంటని లోపలికి రానివ్వదు, విడివిడిగా వస్తేనే దారి ఇస్తుంది. విడదీసే పని చిన్నపేగు గోడకి అతుక్కుని ఉండే సుక్రేజ్ అనే ఎంజైమ్‌ది. దాని పక్కనే మాల్టేజ్ ఉంటుంది, లాక్టేజ్ ఉంటుంది, ఒక్కొక్కటీ ఒక్కో రకం జంటని విడదీస్తుంది. మా నాన్న బిళ్ళలో ఉన్న వోగ్లిబోస్ చూడ్డానికి చక్కెర లాగే ఉంటుంది, వెళ్ళి సుక్రేజ్, మాల్టేజ్‌ల నోట్లో కూర్చుంటుంది, కానీ నమలబడదు. అసలు చక్కెర వచ్చి వెయిటింగ్‌లో నిలబడాలి. జపాన్‌లో 1994లో వాడకంలోకి వచ్చిన మందు ఇది. అంతకుముందు నుంచీ ఉన్న అకార్బోస్ అనే ఇలాంటి మందు అయితే ఏకంగా ఒక బాక్టీరియా తయారుచేసేదే. భోజనం మొదటి ముద్దకి ముందే వేసుకోండి అని అంత పట్టుబట్టి ఎందుకు చెప్తారో ఇప్పుడు తెలిసింది, అన్నం వచ్చేలోపు ఇది సీట్లో కూర్చోవాలి మరి.

అన్నం అన్నాను కదా, అన్నం కూడా చక్కెరే, గ్లూకోజ్‌లు వేల సంఖ్యలో దండలా గుచ్చితే అదే పిండిపదార్థం. స్కూల్లో అన్నం మెతుకు మీద అయోడిన్ చుక్క వేస్తే నీలం నలుపుగా మారడం అందరం చేసే ఉంటాం. ఉమ్మి కలిపి కాసేపు ఉంచి వేస్తే ఆ రంగు రాదు, లాలాజలంలోని అమైలేజ్ ఆ దండని తెంపేస్తుంది కాబట్టి. నోట్లో అన్నం ఊరికే రెండు నిమిషాలు నములుతూ ఉండండి, తియ్యబడుతుంది. మా మేనల్లుడితో చేయించాను, వాడు రెండు నిమిషాలు ఆగలేక మింగేశాడు అది వేరే సంగతి.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం వేసింది గడ్డి సంగతి. వరి కోస్తాం, గింజ మనకి, గడ్డి ఆవుకి. గింజలో ఉన్నదీ గ్లూకోజ్ దండే, గడ్డిలో సెల్యులోజ్ కూడా గ్లూకోజ్ దండే, అదే పూసలు! తేడా అంతా ముడి వేసిన తీరులో, ఒక దాంట్లో ఒక వైపు తిరిగిన ముడి, ఇంకో దాంట్లో ఇంకో వైపు తిరిగిన ముడి. మన అమైలేజ్‌కి మొదటి ముడి విప్పడమే వచ్చు. ఆవుకి మాత్రం సొంతంగా వస్తుందా అంటే రాదు, దాని పొట్టలో ఉండే సూక్ష్మజీవులకి వచ్చు, ఆవు వాటిని మేపుతుంది అవి ఆవుని మేపుతాయి. ఎమిల్ ఫిషర్ అనే జర్మన్ ఆయన ఈస్ట్ నుంచి తీసిన ఎంజైమ్ ఒక రకం ముడినే విప్పుతోందని, బాదంపప్పు నుంచి తీసింది రెండో రకాన్నే విప్పుతోందని చూసి, ఇది తాళంకప్ప తాళంచెవి వ్యవహారం అని 1894లో రాశాడు. మనం బయాలజీ పుస్తకంలో బట్టీ పట్టిన ఆ పోలిక పుట్టింది చక్కెరల దగ్గరే అన్నమాట, నాకైతే ఇన్నాళ్ళూ తెలీదు.

అసలు మొట్టమొదట విడిగా తీసిన ఎంజైమే ఈ జాతిది. 1833లో పాయెన్, పెర్సోజ్ అని ఇద్దరు ఫ్రెంచి వాళ్ళు మొలకెత్తిన బార్లీ నుంచి తీసి డయాస్టేజ్ అని పేరు పెట్టారు, ఇప్పుడు చాలా ఎంజైమ్‌ల పేర్ల చివర వచ్చే ఆ "ఏజ్" అక్కడి నుంచి వచ్చిందే. మన ఇళ్ళలో రాగులు నానబెట్టి గుడ్డలో కట్టి మొలకలొచ్చాక ఎండబెట్టి పిండి పట్టిస్తాం చూడండి, అక్కడ జరిగేదీ అదే, గింజ మొలకెత్తేటప్పుడు తన పిండిని తనే కరిగించుకోడానికి అమైలేజ్ తయారుచేసుకుంటుంది. అందుకే మొలకల పిండితో కాచిన జావ పల్చగా జారుతుంది, మామూలు రాగిపిండి అంతే వేసినా గట్టిగా ముద్దకడుతుంది. పిల్లలకి మొలకల పిండే కాచాలని మా అమ్మమ్మ ఎందుకు అనేదో దీన్నిబట్టి అర్థమైంది, అదే గిన్నెలో ఎక్కువ పిండి పట్టించొచ్చు, గొంతు పట్టదు.

ఇంక మాది అనకాపల్లి వైపు కాబట్టి చెరకు గురించి చెప్పకుండా ఉండలేను. మా తాతయ్యకి రెండెకరాల చెరకు ఉండేది, నరికిన చెరకు మర్నాటికి గానుగ ఎక్కకపోతే ఆయన ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఒక ఏడు గానుగ మోటారు కాలిపోయి చెరకు మూడు రోజులు ఎండలో పడి ఉంది, తర్వాత ఆడించి ఎంతసేపు కాచినా పాకం దారికి రాలేదు, దిమ్మలు పోస్తే బంకబంకగా ఉండిపోయాయి, మార్కెట్‌లో రంగు చూసి పక్కన పెట్టేశారు. నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు, ఎవరో దిష్టి పెట్టారనే అనుకున్నాం. ఇప్పుడు చదివితే తెలిసింది, చెరకులోనే ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ ఉంటుందట, కర్ర నరికిన దగ్గర్నుంచి అది గడలో దాచిన పంచదారని గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కింద విరగ్గొడుతూ పోతుంది, ఎండ ఎక్కువైతే ఇంకా జోరు. విరిగిన చక్కెర గడ్డకట్టదు, పైగా గాలిలో తడిని లాక్కుంటుంది, బెల్లం కారిపోతుంది. రసం పెనంలో పోశాక సున్నం వేస్తారు కదా, పులుపుకి కూడా పంచదార విరిగిపోతుంది కాబట్టి ఆ పులుపు తగ్గించడానికి అదొక కారణం. తాతయ్యకి ఈ పేర్లేవీ తెలీవు, పని మాత్రం తెలుసు.

పప్పు తింటే గ్యాస్ ఎందుకంటే కందిపప్పులో, శనగల్లో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు ఉంటాయి, వాటి ముడి విప్పే ఆల్ఫా గెలాక్టోసిడేజ్ మన పేగులో లేదు, అవి అలాగే పెద్దపేగులోకి వెళ్తే అక్కడి బాక్టీరియాకి పండగ. మా నాన్నకి ఆ బిళ్ళ మొదలుపెట్టిన కొత్తల్లో వచ్చిన పొట్ట ఉబ్బరం కూడా సరిగ్గా ఇదే, విరగని పంచదార, విరగని అన్నం కొంత కిందకి జారిపోవడం. ఆయన మాత్రం ఆ రోజుల్లో నిందంతా మా అమ్మ పప్పు మీద వేశారు. పాలు పడనివాళ్ళకి పెరుగు పడడం కూడా ఈ కోవలోదే, పెరుగు చేసే బాక్టీరియా పాలచక్కెరలో కొంత ముందే తినేస్తుంది, మిగిలిన దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్‌ని కూడా తనతో పాటు తెస్తుంది.

ఇదంతా మొన్న రాత్రి అమ్మకి చెప్తుంటే ఆవిడ పప్పు విషయంలో తన నిర్దోషిత్వం తేలినందుకు సంతోషించి, "మరి ఆ రోజు బెల్లం ముక్క పెట్టుంటే?" అంది. బెల్లంలో కూడా ఎక్కువ భాగం పంచదారే కదమ్మా, అదీ నెమ్మదే అన్నాను. "తేనె?"

తేనె గురించి నేను ఆలోచించనే లేదు, వెళ్ళి చదివాను. పూలలోంచి తెచ్చిన మకరందంలో పంచదార ఉంటుంది, తేనెటీగ దాంట్లో తన గ్రంథుల్లోంచి ఇన్వర్టేజ్ కలుపుతుంది, పట్టులో పోసి రెక్కలతో విసిరి నీళ్ళు ఆరబెట్టేలోపు పంచదార దాదాపు అంతా గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోయి ఉంటుంది. అంటే మా నాన్న పేగులో ఆగిపోయిన పని తేనెటీగ ముందే చేసిపెట్టేసింది. అసలు తేనె అయితే పనిచేసేదే.

దేవుడి గదిలో పంచామృతం కోసం కొన్న తేనె సీసా ఆ రోజు కూడా అక్కడే ఉంది, నాన్న కూర్చున్న కుర్చీకి ఆరడుగుల దూరం.