అక్కడ నేలలో ఏముందిరా?

నాన్న చీమకుర్తిలో పాతికేళ్లు రాతి దిమ్మెలను పలకలుగా కోసే గ్యాంగ్‌సా మిషన్ మీద పనిచేశారు. బ్లాక్ గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ రాయి ఉన్నది అక్కడే కాబట్టి క్వారీలూ, కోత ఫ్యాక్టరీలూ, పాలిష్ మిషన్లూ ఆ చుట్టుపక్కలే వెలిశాయి. అందుకే ఫోన్లో అడిగారు: "రేసు కార్లన్నీ మీ దగ్గరే చేస్తారంటున్నావు, అక్కడ నేలలో ఏముందిరా?"

నేనుండేది ఇంగ్లండులో, నార్తాంప్టన్ దగ్గర. రేసు టీములకు విడిభాగాలు చేసిచ్చే చిన్న వర్క్‌షాపులో కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్ నడుపుతాను. ఫార్ములా వన్ రేసు టీముల్లో మెర్సిడెస్ కార్లు బ్రాక్లీలో, వాటి ఇంజన్లు బ్రిక్స్‌వర్త్‌లో, రెడ్‌బుల్ మిల్టన్ కీన్స్‌లో, విలియమ్స్ గ్రోవ్‌లో. ఒక్క పూటలో అన్నీ చుట్టిరావచ్చు.

నేలలో ఏమీ లేదు, పైన రన్‌వేలు ఉండేవి. ఇక్కడి సిల్వర్‌స్టోన్ రేసు ట్రాకు అసలు 1943లో బాంబర్ విమానాల కోసం తెరిచిన స్థావరం. యుద్ధం అయిపోయాక ఖాళీగా పడి ఉంటే 1948లో అక్కడ కార్లు పరుగెత్తించారు. ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదటి రేసు 1950 మే 13న జరిగింది అక్కడే.

కానీ రన్‌వేలు ఇంకా చాలాచోట్ల ఉన్నాయి. నన్నడిగితే అసలు మలుపు 1967లో నార్తాంప్టన్‌లోని కాస్వర్త్ కంపెనీ చేసిన డీఎఫ్‌వీ అనే రేసు ఇంజన్. మరుసటి ఏడాది నుంచి వేరే టీములూ దాన్ని కొనుక్కోగలిగాయి. ఇంజన్ కొనుక్కుంటే చాలు, ఒక షెడ్డులో కొద్దిమంది చేరి మిగతా కారు కట్టేయొచ్చు. ఆ షెడ్లను నమ్ముకుని మాలాంటి వర్క్‌షాపులు బతికాయి.

రెండేళ్ల కిందట నేను చేస్తున్న చోట ఆర్డర్లు తగ్గి ఉద్యోగం పోయింది. వీసా టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర లేదు. నాతో పనిచేసినతను తనకు తెలిసిన వర్క్‌షాపుకు ఫోన్ చేశాడు. మూడు వారాల్లో కొత్త పని, ఇంటి నుంచి ఇరవై నిమిషాల దూరం. అమ్మాయి స్కూలు మారలేదు. బ్రాక్లీలోని టీము కథా ఇలాంటిదే. అప్పట్లో అది హోండాది. 2008 చివర్లో హోండా తప్పుకుంది, 2009లో అదే టీము బ్రాన్ పేరుతో ఛాంపియన్ అయింది, 2010లో మెర్సిడెస్ అయింది. గేటు మీద పేరు మారింది, లోపల చాలామంది పాతవాళ్లే.

ఇదంతా నాన్నకు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "మా గ్యాంగ్‌సా మెకానిక్ నాలుగు ఫ్యాక్టరీలు మారాడు, ఇల్లు మాత్రం మారలేదురా," అన్నారు. "ఆయన ఊళ్లో లేనిరోజు ఎంత రాయి ఉన్నా మిషన్ ఆగిపోయేది."