మూడు పనులు కాదమ్మా, ఒకటే పని

చదువైపోయాక ఏం చేస్తావే అని మా అమ్మాయిని అడిగితే, జనాన్ని కూడగట్టడం, పిల్లలకి చదువు చెప్పడం, నాటకాలు వేయించడం, ఈ మూడూ కలిపి చేస్తానంది. మూడిట్లో ఒక్కటీ నాకు ఉద్యోగంలా అనిపించలేదు, మనం ఇంత దూరం అమెరికా వచ్చి ఇన్ని తంటాలు పడింది పిల్లలు ఎక్కడో ఒకచోట కుదురుకోవాలనే కదా, చాలా రోజులు దానితో సరిగ్గా మాట్లాడలేదు కూడా.

తర్వాత ఒకరోజు తన వర్క్‌షాప్‌కి రమ్మంది. ఫోరమ్ థియేటర్ అంట, బ్రెజిల్ దర్శకుడు అగస్టో బోల్ తయారుచేసిన పద్ధతి. నాటకం ఒకసారి పూర్తిగా వేస్తారు, జరిగిన అన్యాయం అలాగే ఉండిపోతుంది. మళ్ళీ మొదటినుంచి వేస్తారు, ఈసారి చూసేవాళ్ళలో ఎవరైనా ఆగండి అని లేచి, అన్యాయం జరిగినవాళ్ళ పాత్రలోకి వెళ్ళి తామైతే ఏం చేసేవాళ్ళో చేసి చూపించాలి. ఈ బోల్ 1993 నుంచి 1996 దాకా రియో సిటీ కౌన్సిల్‌లో మెంబరుగా ఉండి, ఇలాంటి నాటకాల్లో జనం చెప్పినవాటిని చట్టాలుగా కూడా చేయించాడట.

ఆరోజు సీను ఏంటంటే, భాష రాని ఒక తల్లి, పన్నెండేళ్ళ కొడుకు, డాక్టర్ గది. డాక్టర్ చెప్పేది వాడే అమ్మకి చెప్పాలి, భయపెట్టే మాట వచ్చేసరికి వాడు మింగేసి "ఏం లేదమ్మా" అంటాడు. నాకు ఒళ్ళు చల్లబడింది. మేం వచ్చిన కొత్తలో నా ఇంగ్లీష్ అంతంతమాత్రం, అప్పుడు ఇదే పని నేను మా అమ్మాయితో చేయించాను, చిన్నపిల్ల చక్కగా చెప్తోందని మురిసిపోయాను కూడా, ఏం మింగిందో ఏనాడూ అడగలేదు.

రెండోసారి వేసినప్పుడు నేనే లేచాను. నాకు ఇంటర్‌ప్రెటర్ కావాలి, పిల్లాడిని అడగొద్దు అని తెలుగులోనే అన్నాను, నోట్లోంచి అదే వచ్చింది. అక్కడినుంచి మాటలు ఆగలేదు. ఇక్కడ అమెరికాలో ఫెడరల్ అంటే కేంద్ర ప్రభుత్వం డబ్బు తీసుకునే ఆసుపత్రి ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఇవ్వాలని, ఎమర్జెన్సీలో తప్ప పిల్లల చేత చెప్పించకూడదని మా అమ్మాయి వివరించింది, ఆ గదిలో చాలామందికి తెలీదు. వెళ్ళేముందు అందరూ కాగితం మీద పేర్లు, ఫోన్ నంబర్లు రాసిచ్చారు, ఎవరికి అపాయింట్‌మెంట్ ఉన్నా ఇంకొకరు తోడు వెళ్ళి ఇంటర్‌ప్రెటర్‌ని అడిగేలా. ఇందులో నాటకం ఎక్కడ అయిపోయింది, పాఠం ఎక్కడ మొదలైంది అంటే నేను చెప్పలేను.

డబ్బు సంగతి మాత్రం నేను వదల్లేదు, వదలకూడదు కూడా. గ్రాంట్ ఏడాదో రెండేళ్ళో ఉంటుంది, అది అయిపోతే మళ్ళీ వెతుక్కోవాలి, స్కూళ్ళలో క్లాసు లెక్కన ఇస్తారు, హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరూ ఇవ్వరు. అందుకే ఒక సంస్థలో నెలజీతం పని పట్టుకుని, మిగతా టైంలో ఇవి చేస్తోంది. గ్రాంట్ అప్లికేషన్ రాయడం, బడ్జెట్ వేయడం కూర్చుని నేర్చుకుంది. పిల్లలు ఇటువైపు వెళ్తానంటే వద్దని ఏడ్చే బదులు ఇవి నేర్చుకున్నావా అని అడగండి.

ఇంటికొస్తూ కార్లో బుర్రకథ గురించి చెప్పాను. 1943లో మొదలైన వామపక్ష కళాకారుల సంఘం ప్రజానాట్యమండలి, బుర్రకథకి పేరు తెచ్చిన నాజర్ గారు, మధ్యలో తంబురాతో కథకుడు, ఇటు హాస్యం వంత, అటు రాజకీయం వంత, కథ మధ్యలో ఆపి ఇవాళ్టి సంగతులు జనానికి విప్పి చెప్పడం. ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదమ్మా అంది, నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు ఆ ఆసుపత్రి కథనే బుర్రకథగా కట్టాలని చూస్తోంది, సగం తెలుగు సగం ఇంగ్లీష్. కథ తనే చెప్తుందట, హాస్యానికి ఫ్రెండ్ ఉంది, రాజకీయం వంతకే ఎవరూ దొరకలేదు అంటే నేను చేస్తానన్నాను.