ఇంప్లాంట్ మీద భారం ఎక్కడ పడుతుంది?

సొంత పంటి వేరుకీ ఎముకకీ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల మందాన పీచు పొర ఉంటుంది. కొరికినప్పుడు పన్ను ఆ పొరలోకి 25 నుంచి 100 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాకా కుంగుతుంది, భారం వేరు పొడవునా సర్దుకుంటుంది. ఇంప్లాంట్‌కి, అంటే పంటి వేరు బదులు దవడ ఎముకలో బిగించే మరలున్న టైటానియం కడ్డీకి, ఆ పొర లేదు. టైటానియం నేరుగా ఎముకతో కలిసిపోతుంది కాబట్టి 3 నుంచి 5 మైక్రాన్లకి మించి దిగదు.

అందుకే ఒత్తిడి ఎక్కువగా ఎముక పై అంచున, ఇంప్లాంట్ మొదటి రెండు మూడు మరల దగ్గర పోగవుతుంది. నేలలో పాతిన గుంజని పక్కకి తోస్తే మట్టి ముందు పైనే చిట్లుతుంది కదా, అదే సంగతి. దీన్నిబట్టే పొడవు కన్నా లావు ముఖ్యమంటాను. 10 మిల్లీమీటర్లది తీసి 13ది పెట్టినా అంచు దగ్గర తగ్గే ఒత్తిడి స్వల్పమే. వంపుని తట్టుకునే శక్తి మాత్రం వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది: డొల్ల లేని కడ్డీ లెక్కన 3.5 నుంచి 4.5కి వెళితే రెట్టింపు దాటుతుంది. అలాగని చుట్టూ కనీసం 1.5 మిల్లీమీటర్ల ఎముక మిగలకపోతే లావుది పెట్టకూడదు.

అసలు చేటు చేసేది ఏటవాలు బలం. 200 న్యూటన్ల బలం 30 డిగ్రీల వాలుగా పడితే అందులో 100 న్యూటన్లు పక్కకి తోస్తాయి. క్రౌన్ (ఇంప్లాంట్ మీద కూర్చునే కృత్రిమ పన్ను) ఎముక మీద 10 మిల్లీమీటర్ల ఎత్తుంటే వంచే ప్రభావం 1000 న్యూటన్ మిల్లీమీటర్లు, 15 ఉంటే 1500. నమిలే బలం అంతే, ఎత్తే మారింది. ఒక వైపు ఎముక నలుగుతుంది, ఎదుటి వైపు సాగుతుంది. ఎముక నొక్కుడుని ఓర్చుకున్నంతగా సాగదీతని ఓర్చుకోదు.

కాబట్టి క్రౌన్ నమిలే తలం సన్నగా, కస్పులు (ఆ తలం మీది మొనలు) పల్లంగా ఉండాలి. ఎదుటి పన్ను తగిలే చోటు, అంటే కాంటాక్ట్, ఇంప్లాంట్ మధ్య గీతకి దగ్గరగా పడాలి. దవడ పక్కకి జరిపినప్పుడు ఆ క్రౌన్ అసలు తగలకూడదు. పై, కింది పళ్ల మధ్య 8 మైక్రాన్ల షిమ్‌స్టాక్ రేకు (కాటు సరిచూసే పలుచని రేకు) పెట్టి చూడండి: మెల్లగా పళ్లు కలిపితే పక్కనున్న సొంత పళ్ల దగ్గర ఆగాలి, ఇంప్లాంట్ క్రౌన్ దగ్గర జారి వచ్చేయాలి. గట్టిగా బిగిస్తే అక్కడా రేకు కొద్దిగా పట్టాలి. "బాగానే ఉంది" అన్న పేషెంట్ మాట మీద ఆగిపోవద్దు. స్పర్శ చెప్పే ఆ పీచు పొరే లేనప్పుడు హై పాయింట్ (మిగతావాటికన్నా ముందే తగిలే ఎత్తైన చోటు) వాళ్లకి సరిగా తెలియదు.

అబట్‌మెంట్ (ఇంప్లాంట్‌కీ క్రౌన్‌కీ మధ్య ఉండే ముక్క) స్క్రూని తయారీదారు చెప్పిన టార్క్‌కి (తిప్పి బిగించే బలానికి), చాలా సిస్టమ్స్‌లో 30-35 న్యూటన్ సెంటీమీటర్లకి, బిగించి 10 నిమిషాలాగి మళ్లీ అంతే టార్క్ ఇవ్వాలి. స్క్రూ మరల మీది సన్నని గరుకులు ఈలోపు అణిగి పట్టు కొంత సడలుతుంది. తర్వాత ఎప్పుడైనా స్క్రూ వదులైతే బిగించి పంపేయకండి, ముందు బైట్ (పళ్లు కలిసే తీరు) చూడండి.

బ్రిడ్జి (ఒకటికి మించిన ఇంప్లాంట్ల మీద కలిపి పెట్టే పళ్ల వరస) అయితే ఇంకో చిక్కుంది. దాని లోపలి చట్రం, అంటే ఫ్రేమ్, సరిగ్గా కూర్చోకపోతే ఏమీ నమలకుండానే ఎముక మీద ఒత్తిడి పగలూ రాత్రీ ఉంటుంది. ఒక చివర స్క్రూ ఒక్కటే బిగించి, రెండో చివర ఎక్స్‌రే తీయండి. సందు కనబడితే అన్ని స్క్రూలూ బిగించి దాన్ని మూయకండి. ఫ్రేమ్‌ని కోసి, నోట్లోనే కొత్తగా జోడించి, ల్యాబ్‌కి తిరిగి పంపండి.